ఓపెన్ ట్యూనింగ్‌లో గిటార్: ఏళ్ల తరబడి వాయించాక నా సమీక్ష

మామూలుగా గిటార్ తీగల శ్రుతి, లావైన ఆరో తీగ నుంచి సన్నని మొదటి తీగ వరకు, ఇ-ఎ-డి-జి-బి-ఇ. ఏదీ నొక్కకుండా ఆరు తీగలూ ఒక్కసారి మీటితే చెవికి నిలకడైన కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) వినపడదు. ఓపెన్ ట్యూనింగ్‌లో కొన్ని తీగల్ని దించో ఎక్కించో, ఎడమ చెయ్యి తగలకుండానే పూర్తి కార్డు పలికేలా చేస్తాం. తార్నాకలో మా ఇంట్లో ఒక అకౌస్టిక్ గిటార్‌ని ఏళ్లుగా ఈ ట్యూనింగులకే ఉంచేశాను. అది మళ్లీ మామూలు శ్రుతిలోకి రాలేదు.

నేను తేల్చుకున్నది ముందే చెబుతాను. కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవాళ్లకి డ్యాడ్‌గ్యాడ్, ఓపెన్ డి ఈ రెండూ చాలు. ఓపెన్ జి పాటకి తోడుగా బాగుంటుంది. ఓపెన్ ఇ జోలికి అకౌస్టిక్ మీద వెళ్లక్కర్లేదు.

ఓపెన్ డి అంటే డి-ఎ-డి-ఎఫ్ షార్ప్-ఎ-డి. డి ని షడ్జం అనుకుంటే ఇవి స-ప-స-గ-ప-స. నల్లకుంటలో వీణ పాఠాలు చెప్పే మా పిన్నికి మొదటిసారి వినిపించినప్పుడు ఆమె వెంటనే పట్టేసింది. "ఇది వీణ శ్రుతిలాగే ఉంది కదరా! మరి మధ్యలో ఆ గాంధారం ఎందుకు? అదలా మోగుతూ ఉంటే ఖరహరప్రియ ఎలా వాయిస్తావు?" అంది. వీణకి నాలుగు ప్రధాన తీగలూ స, ప ల మీదే ఉంటాయి, పక్కనున్న మూడు తాళపు తీగలు కూడా అంతే. గాంధారం తీగ ఉండదు. ఉంటే రాగాన్ని బట్టి మార్చుకోవాల్సి వచ్చేది.

పిన్ని అడిగిన ప్రశ్నకి జవాబు డ్యాడ్‌గ్యాడ్. డి-ఎ-డి-జి-ఎ-డి, అంటే స-ప-స-మ-ప-స. గాంధారమే లేదు కాబట్టి మేజరూ కాదు, మైనరూ కాదు. ఏ గాంధారం కావాలంటే దాన్ని వేలితో పలికించుకోవచ్చు. ఈ ట్యూనింగ్‌ని 1960ల మొదట్లో డేవీ గ్రాహమ్ అనే ఇంగ్లండ్ గిటారిస్టు వాడుకలోకి తెచ్చాడు. ఆ తర్వాత ఐరిష్, స్కాటిష్ జానపద సంగీతానికి అది సొంతమైపోయింది. ఆ సంగీతంలోనూ మనకిలాగే ఆధార స్వరం ఒకటి కింద మోగుతూ ఉండాలి, అందుకే కుదిరింది.

మధ్యమావతి ఎత్తుకోండి. స రి మ ప ని. డ్యాడ్‌గ్యాడ్‌లో ఖాళీగా మోగే తీగలన్నీ ఆ రాగంలోవే, ఒక్కటి కూడా అడ్డు రాదు. మొదటి తీగ మీద ఖాళీ తీగ స, 2వ ఫ్రెట్ (మెడ మీది మెట్టు) రి, 5వది మ, 7వది ప, 10వది ని, 12వది పై స. వేలు ఆ ఒక్క తీగ మీదే పైకీ కిందకీ నడుస్తుంటే మిగతా తీగల్ని బొటనవేలు మీటుతూ ఉంటుంది. మొదటి రోజు నుంచే కచేరీ చివర వినే మధ్యమావతి నిండుదనం కొంతైనా వస్తుంది. మామూలు ట్యూనింగ్‌లో ఇంత సులువుగా అది రాబట్టడం నావల్ల కాలేదు. శుద్ధసావేరి కూడా అంతే హాయిగా కూర్చుంటుంది.

కల్యాణికి వచ్చేసరికి డ్యాడ్‌గ్యాడ్ పనికిరాదు. అందులో ఉండేది ప్రతి మధ్యమం. ఖాళీ తీగ మీదున్న శుద్ధ మధ్యమం పొరపాటున తగిలినా రాగం చెడిపోతుంది. మోహనం, కల్యాణి, హంసధ్వని కావాలంటే ఓపెన్ డి కి రావాలి. ఇన్నేళ్లలో నాకు దొరికిన అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. ఈ రెండు ట్యూనింగులకీ తేడా మూడో తీగ ఒక్కటే, అదీ అర స్వరం. జి నుంచి ఎఫ్ షార్ప్‌కి దించితే ఓపెన్ డి, మళ్లీ ఎక్కిస్తే డ్యాడ్‌గ్యాడ్. మిగతా ఐదు తీగలూ కదలవు. పాట మధ్యలో కూడా మార్చుకోవచ్చు.

హిందోళం మాత్రం రెండిట్లోనూ మొండికేస్తుంది. ఆ రాగంలో పంచమం లేదు, మన దగ్గర ఐదో తీగా రెండో తీగా పంచమాలే. డ్యాడ్‌గ్యాడ్ నుంచి ఐదో తీగని జి కి దించి మధ్యమం చేసుకుంటాను, రెండో తీగని ఖాళీగా మోగనివ్వను. హిందూస్థానీలో హిందోళానికి సాటి అయిన మాల్కౌన్స్‌కి తాన్‌పురాని మధ్యమానికి కలుపుతారు, ఇదీ అలాంటిదే.

ఓపెన్ డి లో గాంధారం గురించి ఇంకో మాట. ట్యూనర్ యాప్ చూపించిన చోట ఎఫ్ షార్ప్ పెడితే, తీగలన్నీ కలిపి మీటినప్పుడు అది కాస్త ఎక్కువగా వినపడుతుంది. సహజమైన గాంధారం కన్నా ఫ్రెట్ల లెక్కలోని గాంధారం 14 సెంట్లు ఎక్కువ, సెంటంటే అర స్వరంలో నూరో వంతు. తాన్‌పురాకి అలవాటైన చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. నేను యాప్ చూడకుండా, డి తీగలు మోగిస్తూ మూడో తీగని కొద్దికొద్దిగా దించి, స్వరాలు కలవనప్పుడు వినపడే అలల్లాంటి ఊగు ఆగినచోట వదిలేస్తాను. రాగం వాయించేటప్పుడు అది అమృతంలా ఉంటుంది. కానీ అదే తీగని నొక్కి వేరే కార్డులు పట్టుకుంటే కొంచెం తక్కువ శ్రుతిలో పలుకుతుంది. రాగానికా, కార్డులకా అనేది ఆ రోజు ముందే నిర్ణయించుకోవాలి.

ఓపెన్ జి: డి-జి-డి-జి-బి-డి. ఆరు, ఐదు, ఒకటో తీగల్ని ఒక్కో స్వరం దించితే వచ్చేస్తుంది. హవాయి దీవుల్లో తీగలు వదులు చేసి వాయించే పద్ధతికి ఇదే ముఖ్యమైన శ్రుతి. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఆరో తీగ తీసేసి ఐదు తీగలతోనే వాయించేది ఇందులోనే. మన లెక్కలో చూస్తే అతను చేసింది చాలా అర్థవంతమైన పని. ఓపెన్ జి లో అన్నిటికన్నా కింద ఉన్నది పంచమం, అది తీసేస్తే అడుగున షడ్జం నిలుస్తుంది. పిన్ని పాడేది ఐదు శ్రుతి, అంటే జి. ఆమె పాడుతుంటే కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్పు) లేకుండానే ఇది సరిపోతుంది. నా గొంతు రెండు శ్రుతి, అంటే డి, కాబట్టి నాకు డి ట్యూనింగులే.

ఓపెన్ ఇ లో మూడు తీగల్ని పైకి బిగించాలి. బ్రిడ్జి మీద ఆ భారం ఎందుకు? ఓపెన్ డి లో పెట్టి 2వ ఫ్రెట్‌లో కేపో వేస్తే అవే స్వరాలు వస్తాయి.

ఇక గిటార్ సంగతి. తీగని ఒక స్వరం దించితే దాని టెన్షన్ దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. గమకాలకి తీగ లాగడం తేలికవుతుంది, అది లాభం. ఆరో తీగ ఫ్రెట్లకి తగిలి జరజరమంటుంది, అది నష్టం. 12 గేజ్ (తీగ లావు) సెట్ తీసేసి ఇంకా లావైన 13 వేశాక ఆ గోల చాలావరకు తగ్గింది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటి గాలి పొడిబారితే చెక్క కుదించుకుని మళ్లీ మొదలవుతుంది. సికింద్రాబాద్‌లో రిపేరు చేసేవాళ్ల దగ్గర ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) కొద్దిగా వదులు చేయించడంతో వేసవి గడిచిపోతోంది. వానలు పడితే చెక్క ఉబ్బి తీగలు ఎత్తుకుంటాయి, ఆ నెలల్లో తుప్పు కూడా తొందరగా పడుతుంది.

శ్రుతి నిలబడాలంటే తీగని కావలసిన స్వరం కన్నా కిందకి దించి, అక్కణ్ణుంచి పైకి తెచ్చి ఆపాలి. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడుల్లో పెన్సిల్ ముక్కు రుద్దితే తీగ పట్టేయకుండా జారుతుంది. ఒక తీగ మారిస్తే మిగతావి కొద్దిగా కదులుతాయి కాబట్టి రెండో విడత సరిచూడాల్సిందే.

కార్డులు గబగబా మారే సినిమా పాటలకి తోడు వాయించేవాళ్లకి ఇవి సిఫారసు చేయను. ముఖ్యంగా ఓపెన్ డి లో మైనర్ కార్డులు చేతికి అడ్డం పడతాయి. మూడో తీగ మేజర్ గాంధారం మీదే ఉంటుంది, నొక్కితే ఇంకా పైకి పోతుందే తప్ప కిందకి రాదు. చేతిలో ఒక్క గిటారే ఉండి, రాగాలూ సినిమా పాటలూ రెండూ వాయించాలనుకునేవాళ్లు డ్యాడ్‌గ్యాడ్‌తో మొదలుపెట్టండి. మామూలు శ్రుతి నుంచి ఆరు, రెండు, ఒకటో తీగల్ని ఒక్కో స్వరం దించడమే పని, తిరిగి రావడమూ అంతే.