అడ్తి దుకాణం కాగితాలకు స్కానింగ్ సర్వీస్ పెట్టుకుంటే ఎలా ఉంటుందంటే

మాది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం, అంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం, లెక్కలు నేనే చూస్తాను. 2023 జూలై వానలకు కాగితాల గదిలోకి నీళ్లొచ్చి కింది వరస మూటల్లోని తక్‌పట్టీలు (రైతు సరుకు అమ్మకం లెక్క రాసిన చీటీలు) ముద్దయిపోయాయి, మిగిలినవాటికి చెదలు పట్టింది. ఒక రైతు మూడేళ్ల కిందటి పత్తి పట్టీ కావాలని వస్తే రెండు రోజులు వెతికీ ఇవ్వలేకపోయాను. సిగ్గుతో ఆయన ముఖం చూడలేకపోయాను. అప్పుడు పిలిచాం, హనుమకొండలో రికార్డుల స్కానింగ్ చేసేవాళ్లను.

వచ్చినాయన మొదటి రోజు స్కానర్ బయటికే తీయలేదు. "మీ దగ్గరికొచ్చినోళ్లు కాగితం ఏమని అడుగుతారు సార్?" అన్నాడు. రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ సీజన్, ఇవే అడుగుతారని చెప్పాను, సరిగ్గా ఆ వరసలోనే ఇండెక్స్ కట్టారు. జిల్లా పేరు మాత్రం వద్దన్నాడు. పరకాలనే తీసుకోండి, 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా, తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ, జిల్లాలవారీగా పెడితే ఒకే రైతు పట్టీలు మూడు చోట్ల పడతాయి. ఇన్నేళ్లు పని చేసినా నాకిది తట్టలేదు, ఆ ఒక్క మాటకే డబ్బులిచ్చినా తప్పులేదనిపించింది.

ఏవి తీసేయాలో కూడా కూర్చుని తేల్చారు. జీఎస్టీ లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాల్సిందే, అప్పీల్ నడుస్తున్న ఏడాదివైతే అసలు ముట్టుకోవద్దని వేరే డబ్బాలో పెట్టించారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇరవై రోజులన్న పని నలభై రోజులు పట్టింది. తెలుగు చేతిరాతను వాళ్ల సాఫ్ట్‌వేర్ చదవలేకపోయింది, పేర్లన్నీ మనుషులే కొట్టారు, మొదటి విడతలో తండ్రి పేర్లు తారుమారైతే నేనే పక్కన కూర్చుని దిద్దించాల్సి వచ్చింది. పైగా హార్డ్ డిస్క్ ఒక్కటే ఇచ్చారు, రెండో కాపీకి వేరే డబ్బులట! నీళ్లొచ్చిన గదిలోనే ఆ ఒక్కటీ పెడితే ఇంత కష్టం దేనికి? అడిగి మరీ రెండోది చేయించి ఇంట్లో పెట్టుకున్నాను, మీరు ముందే బేరంలో కలిపి మాట్లాడుకోండి.

మొన్న పరకాల నుంచి ఒకాయన 2019 పట్టీ కోసం వచ్చాడు, చాయ్ తాగేలోపు ప్రింట్ చేతిలో పెట్టాను. పిలిచేవాళ్లు మిర్చి రాకముందే పిలవండి, సీజన్లో రోజూ కావాల్సిన పుస్తకాలు వాళ్ల చేతిలో ఉంటే మహా టెన్షన్.