‘డీర్ లీజులో ఒక్క సీటు ఖాళీ’ అని ఎవరైనా అంటే డబ్బు పంపేముందు ఇది చదవండి

టెక్సాస్‌కి కొత్తగా వచ్చి, జింకల వేటకి తోడు వెతుక్కుంటున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. ముఖ్యంగా డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు ఉన్నవాళ్ళు చదవండి. డీర్ లీజు అంటే జింకల వేట కోసం నలుగురు కలిసి అద్దెకి తీసుకునే ప్రైవేటు భూమి. "మా లీజులో ఒక్క సీటు ఖాళీ ఉంది, మంచి గ్రూపు, కొత్తవాళ్ళకి నేర్పిస్తాం" అని మెసేజ్ వస్తే, ఆ స్థలం కళ్ళతో చూడకుండా, భూమి యజమానితో స్వయంగా మాట్లాడకుండా ఒక్క డాలరు కూడా పంపకండి. నేనూ, మా ఆఫీసులో పనిచేసే ఒక తమ్ముడూ కలిసి 2,300 డాలర్లు పోగొట్టుకున్నాం. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. కానీ ఆ రోజు ఇంకో రెండు గంటలు ఆలస్యంగా తెలిసి ఉంటే ఆ తమ్ముడి వీసా, ఉద్యోగం, పెళ్ళాం పిల్లలతో ఇక్కడి బతుకు అన్నీ చిక్కులో పడేవి. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

మాది మార్కాపురం వైపు, నల్లమల అంచు ఊరు. మన దేశంలో 1972 చట్టం వచ్చాక వేట అన్నది లేదు, ఉండకూడదు కూడా. నేను వేట నేర్చుకున్నది పిట్స్‌బర్గ్‌లో, ఆఫీసు స్నేహితుల వెంట. పెన్సిల్వేనియాలో స్టేట్ గేమ్ ల్యాండ్స్ అని దాదాపు 15 లక్షల ఎకరాల ప్రభుత్వ భూమి ఉంది. లైసెన్స్ జేబులో పెట్టుకుని, నారింజ రంగు జాకెట్ వేసుకుని నడిచి వెళ్ళిపోవడమే. ఎవరినీ అడగక్కర్లేదు. నవంబరు చివర థ్యాంక్స్‌గివింగ్ అయిన శనివారం మేము నలుగురం ఒకే కొండకి వెళ్ళేవాళ్ళం. ఎవరు ఏ చెట్టు దగ్గర కూర్చుంటారో మిగతా ముగ్గురికీ తెలుసు. చీకటి పడ్డాక ఒకడు రాకపోతే వెతకడానికి ముగ్గురు ఉన్నారు. 70 కిలోల బక్‌ని, అంటే మగ జింకని, వాగులోంచి ఒంటరిగా పైకి లాగడం ఎంత కష్టమో లాగినవాళ్ళకి తెలుస్తుంది. వేటలో తోడు అంటే కబుర్ల కోసం కాదు, ప్రాణం కోసం.

2024 జూన్‌లో ఫ్రిస్కో వచ్చాక ఆ నలుగురూ లేరు, ఆ కొండా లేదు. టెక్సాస్‌లో నూటికి 95 పాళ్ళ భూమి ప్రైవేటు వాళ్ళదే. ఇక్కడ వేట అంటే ఎక్కువగా లీజే. రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద పొలం) యజమానికి సీజన్‌కి ఇంత అని కట్టి నలుగురైదుగురు కలిసి పంచుకుంటారు. పాతవాళ్ళ గ్రూపులు ఏళ్ళ తరబడి అవే, కొత్తవాడు దూరడం కష్టం. మూడు నెలలు అడగని మనిషి లేడు. గుళ్ళో కలిసినవాళ్ళని అడిగాను, తుపాకుల షాపులో అడిగాను, పక్కింటాయన్ని అడిగాను. ఎవరూ దొరకలేదు. సరిగ్గా ఆ ఆరాటంలో ఉన్నవాడి కోసమే ఈ మోసం తయారుచేసి పెట్టారు.

సెప్టెంబరు చివర ఒక ప్రకటన కనబడింది. జాక్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 2,200 ఎకరాలు, ఆరుగురు మాత్రమే, ఒకరు ఊరు మారి వెళ్ళిపోవడంతో ఒక సీటు ఖాళీ, సీజన్‌కి 1,800 డాలర్లు. మాట్లాడినవాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నా తుపాకీ ఏమిటి, ఎంత దూరం కొడతాను, పిల్లలున్నారా అని అన్నీ అడిగాడు. "మీలాంటి కుటుంబస్థులే కావాలి మాకు" అన్నాడు. ఒక సీటు కాస్తా, తమ్ముడు కూడా వస్తానంటే, రెండు సీట్లయింది. అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు.

ఫొటోలు పంపాడు. ఒకదాంట్లో మొక్కజొన్న చల్లే ఫీడర్ కింద రెండు దుప్పులు. అవును, మన దుప్పులే. ఒంటి మీద తెల్ల మచ్చలు, వంపు తిరిగిన కొమ్ములు. ఇక్కడ వాటిని ఆక్సిస్ డీర్ అంటారు. 1932లో మన దేశం నుంచి తెచ్చి వదిలారు, ఇప్పుడు టెక్సాస్ మధ్యలో ఉన్న హిల్ కంట్రీ అనే గుట్టల ప్రాంతంలో మందలు మందలుగా తిరుగుతాయి. బయటి దేశపు జంతువు కాబట్టి వాటికి సీజన్ అంటూ లేదు, లైసెన్స్ ఉంటే ఏడాదంతా కొట్టొచ్చు. నల్లమల అంచున పుట్టినవాడిని, ఆ ఫొటో చూడగానే మనసు కరిగిపోయింది. ఇప్పుడు తీసి చూస్తే, ఆ ఫొటోలో నేలంతా తెల్ల సున్నపురాయి, వెనక లైవ్ ఓక్, సీడర్ చెట్లు. అది హిల్ కంట్రీ నేల. జాక్ కౌంటీ దానికి ఎంతో ఉత్తరాన ఉంది. అక్కడిది ఎర్రటి ఇసుక నేల, పోస్ట్ ఓక్, ముళ్ళ మెస్కీట్ చెట్లు. ఫొటోలో మట్టి రంగు చూసినా పట్టుబడేవాడు. మీకు ఎవరైనా ఫొటోలు పంపితే జంతువుని కాదు, నేలని చూడండి, చెట్లని చూడండి.

తలా 900 అడ్వాన్సు జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి వెంటనే డబ్బు పంపే పద్ధతి) పంపాం. ఖాతా పేరు అతను చెప్పిన పేరు కాదు. అడిగితే "మా ఆవిడ అకౌంట్" అన్నాడు. పది రోజులకి గేటు తాళం, ఇన్సూరెన్స్ అని ఇంకో 250 చొప్పున అడిగాడు. అదీ పంపాం. ఒప్పందం కాగితం అని ఒక పేజీ వచ్చింది. దాని మీద "రాంచ్ మేనేజర్" అని సంతకం ఉంది గానీ భూమి యజమాని పేరు ఎక్కడా లేదు.

ఇంకో మాట చెప్పాడు, ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. తమ్ముడు లైసెన్స్ గురించి అడిగితే "ప్రైవేటు రాంచ్ కదా, లీజులోనే అన్నీ వస్తాయి, విడిగా లైసెన్స్ అక్కర్లేదు" అన్నాడు. పచ్చి అబద్ధం. ప్రైవేటు భూమి అయినా, లీజు అయినా టెక్సాస్‌లో జింకని వేటాడాలంటే రాష్ట్ర లైసెన్స్ ఉండి తీరాలి. తమ్ముడు హెచ్-1బీ మీద ఉన్నాడు. వినండి, ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది లేకుండా స్నేహితుడి రైఫిల్ "ఒకసారి ఇటివ్వండి" అని చేతిలోకి తీసుకున్నా కేసు అవుతుంది. కేసు అయితే వీసా మాట ఇక చెప్పక్కర్లేదు. లైసెన్స్ అక్కర్లేదని చెప్పినవాడికి పోయేదేమీ లేదు, పోయేదంతా మనదే.

నాకు పెన్సిల్వేనియా అలవాటు ఉంది కాబట్టి ఆ మాట నమ్మలేదు. తమ్ముడి చేత ఆన్‌లైన్లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయించాను. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి అది తప్పనిసరి. నా పెన్సిల్వేనియా కార్డు ఇక్కడ చెల్లుతుంది. అతను మూడేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు కాబట్టి అతనికి 25 డాలర్ల లైసెన్స్ సరిపోయింది. నాకు ఇక్కడ ఆరు నెలలు నిండలేదు, అందుకని 315 పెట్టి నాన్-రెసిడెంట్ లైసెన్స్ కొన్నాను. అప్పుడు ఖర్చెక్కువ అనిపించింది. ఆ రెండు కాగితాలే మమ్మల్ని కాపాడాయి.

2024లో రైఫిల్ సీజన్ నవంబరు 2 శనివారం మొదలైంది. ముందురోజు శుక్రవారం, దీపావళి మర్నాడు, మధ్యాహ్నమే బయల్దేరాం. కొత్త మనుషులతో మొదటి పరిచయం కదా అని మా ఆవిడ డబ్బా నిండా సున్నుండలు కట్టి ఇచ్చింది. గేటు దగ్గరికి వెళ్తే అతను ఇచ్చిన నంబరుకి తాళం రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. మా వెనకే ఇంకో ట్రక్ వచ్చి ఆగింది. ఫోర్ట్‌వర్త్ నుంచి వచ్చిన తండ్రీ కొడుకులు. వాళ్ళ దగ్గరా అదే నంబరు, అదే ఒక పేజీ కాగితం. ఆ కుర్రాడికి పన్నెండేళ్ళుంటాయి, మొదటి వేట. వాడి మొహం ఇప్పటికీ నాకు కళ్ళముందు ఉంది.

కంచె కాస్త పల్లంగా ఉన్నచోట దాటి ఒకసారి లోపల చూసొద్దామా అని ఆ తండ్రి అన్నాడు. డబ్బు కట్టాం కదా అన్న ధైర్యం మా అందరిలోనూ ఉంది. అప్పుడు తమ్ముడు కంచె వెంట నడుస్తూ పిలిచాడు, "అన్నా, ఇదేంది, చెట్లకు ఊదా రంగు ఏసిన్రు?" అని. దగ్గరికి వెళ్ళి చూశాను. పోస్ట్ ఓక్ మొదలు మీద, నా నడుముకి కాస్త పైన, జానెడు పొడవున నిలువు గీత. ఎండకి వెలిసి, బెరడు పగుళ్ళలో మాత్రం ముదురుగా నిలిచి ఉంది. ఆ పక్క చెట్టుకీ అలాంటిదే, దాని పక్క చెట్టుకీ. టెక్సాస్‌లో ఆ ఊదా గీతకి "లోపలికి రావద్దు" అనే బోర్డుతో సమానమైన చట్టబలం ఉంది. గీత కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు ఉండాలి, నేల నుంచి మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తులో ఉండాలి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సులో ఉన్న విషయమే, తమ్ముడు రంగు చూశాడు గానీ అర్థం గుర్తుకు రాలేదు. నాకు గుర్తొచ్చింది. ఎవరమూ కంచె దాటలేదు, తుపాకులు పెట్టెల్లోంచి తీయలేదు.

మీరు దేశంలో ఎక్కడున్నా ఈ రంగు గుర్తుపెట్టుకోండి. ఊదా రంగుని ఇలా వాడే రాష్ట్రాలు ఇంకా ఉన్నాయి.

పావుగంటకి రాంచ్ యజమాని వచ్చాడు, డెబ్బై దాటిన పెద్దాయన. ఆయన ఆ భూమిని ఎవరికీ లీజుకి ఇవ్వలేదట. గేమ్ వార్డెన్‌ని, అంటే వేట చట్టాలు చూసే అధికారిని, పిలిచాడు. వార్డెన్ వచ్చి ముందు అడిగింది లైసెన్సులే. చూపించాం. తుపాకులు ఎక్కడున్నాయి, కంచె దాటారా అని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాడు. తమ్ముడి చేతులు వణకడం చూశాను. యజమాని అనుమతి లేకుండా ఆ భూమిలో జింకని కొట్టి ఉంటే అది చిన్న జరిమానాతో పోయే కేసు కాదు, టెక్సాస్‌లో ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం, దాకా వెళ్తుంది. వార్డెన్ కాగితాలు ఫొటో తీసుకుని, షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) దగ్గర ఫిర్యాదు ఇవ్వమని చెప్పి పంపేశాడు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి రెండు మాటలు మాట్లాడాడు. సున్నుండల డబ్బా ఆ పిల్లాడికే ఇచ్చేశాను.

బ్యాంకు డబ్బు వెనక్కి ఇవ్వలేదు. మన చేత్తో మనమే పంపాం కాబట్టి జెల్‌లో వెళ్ళింది వెళ్ళినట్టే అన్నారు. షెరిఫ్ ఆఫీసులో, ఎఫ్‌బీఐ వాళ్ళ ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రంలో రెండు చోట్లా ఫిర్యాదు ఇచ్చాను.

డబ్బు పంపేముందు నేను చేయాల్సిన పని అరగంట పని, అది చేయలేదు. టెక్సాస్‌లో ప్రతి కౌంటీకీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ అని, పన్ను కోసం భూముల విలువ కట్టే ఆఫీసు ఉంటుంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో మ్యాపు మీద ఆ భూమిని నొక్కితే యజమాని పేరు, ఉత్తరాలు వెళ్ళే చిరునామా ఉచితంగా కనిపిస్తాయి. లీజు ఇస్తానన్నవాడు ఆ యజమాని కాకపోతే, యజమానితో నేరుగా మాట్లాడించమనండి. కుదరదంటే అక్కడితో ఆపేయండి. వేటకి భూమి లీజుకిచ్చే యజమాని దగ్గర రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఇచ్చిన హంటింగ్ లీజ్ లైసెన్స్ ఉండాలి, అది అడిగి చూడండి. పగటిపూట వెళ్ళి, గేటు తెరిపించి, బ్లైండ్లు (వేటగాళ్ళు దాక్కుని కూర్చునే చోట్లు) ఎక్కడున్నాయో నడిచి చూడండి. గ్రూపులో మిగతావాళ్ళలో కనీసం ఇద్దరితోనైనా ఎదురుగా కూర్చుని కాఫీ తాగండి. తుపాకీ పట్టుకుని చీకట్లో మీ పక్కన నడిచే మనుషులు వాళ్ళు, మొహం చూడకుండా ఎలా నమ్ముతాం?

తోడు మాకు చివరికి దొరికింది, లీజు ద్వారా కాదు. 48 డాలర్లకి ఏడాది పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఇస్తారు. దాంతో రాష్ట్రమంతటా దాదాపు పది లక్షల ఎకరాల్లో వేటాడొచ్చు. డాలస్ నుంచి మూడు గంటల దూరంలో శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ ఉంది, ఒక్కటే 1,63,000 ఎకరాలు. ఆ పబ్లిక్ భూముల్లో నారింజ రంగు తప్పనిసరి. ఒంటి మీద మొత్తం 400 చదరపు అంగుళాలు, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144, తల మీద టోపీ. పెద్దవాళ్ళయ్యాక వేట నేర్చుకునేవాళ్ళ కోసం టెక్సాస్ వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ అనుభవజ్ఞుల్ని తోడిచ్చి తీసుకెళ్తుంది. ఆ ఫోర్ట్‌వర్త్ తండ్రీ కొడుకులు కూడా మాతో కలిశారు. డిసెంబరులో నలుగురం శామ్ హ్యూస్టన్ వెళ్ళాం. ఎవరికీ జింక పడలేదు. ఎవరు ఏ చెట్టు దగ్గర ఉన్నారో మాత్రం నలుగురికీ తెలుసు.

ఇప్పుడు మళ్ళీ అదే దుప్పుల ఫొటో, ఈసారి వేరే కౌంటీ పేరుతో, 1,600 డాలర్లకి తిరుగుతోంది. ఫీడర్ కాళ్ళలో ఒకటి వంగి ఉంటుంది, ఎడమ దుప్పికి ఒక కొమ్ము కొన విరిగి ఉంటుంది. ఆ ఫొటో మీకు వస్తే డబ్బు పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే ఈరోజే బ్యాంకుకి ఫోన్ చేయండి, ఆ కౌంటీ షెరిఫ్‌కి చెప్పండి, గేటు దగ్గరికి మాత్రం తుపాకీతో వెళ్ళకండి.