డ్రైవర్ లేని కారుకు ఏ విధానం మేలు: అరిజోనాదా, కాలిఫోర్నియాదా?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు వాహన సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే తెలుగువారు చాలామందే ఉన్నారు. డ్రైవర్ లేని కార్లు ఇక్కడికి వస్తే రాష్ట్ర ప్రభుత్వం ఏ పద్ధతి పాటించాలన్న చర్చలో రెండు అమెరికన్ రాష్ట్రాలను పోల్చి చూడటం అవసరం.

అరిజోనా గవర్నర్ డగ్ డ్యూసీ 2015లో ఒక్క ఉత్తర్వుతో ప్రత్యేక పర్మిట్ అక్కరలేకుండానే రోడ్లపై పరీక్షలకు దారి తెరిచారు. కాలిఫోర్నియా 2012లో చట్టం చేసి, రవాణా శాఖ పర్మిట్, 50 లక్షల డాలర్ల బీమా, పరీక్షల్లో మనిషి స్టీరింగ్ అందుకోవలసి వచ్చిన ప్రతి సందర్భంపై వార్షిక నివేదిక తప్పనిసరి చేసింది. వేగంలో అరిజోనాదే పైచేయి: ఫీనిక్స్ ప్రాంతంలో డ్రైవర్ లేని కార్ల సంస్థ వేమో 2018 డిసెంబరులోనే చార్జీలు తీసుకునే సేవ ప్రారంభించింది.

అయితే 2016 డిసెంబరులో జరిగినది మరువరాదు. పర్మిట్ అక్కరలేదని వాదించిన ఉబర్‌కు చెందిన 16 కార్ల రిజిస్ట్రేషన్లను కాలిఫోర్నియా రద్దు చేయగా, ఆ సంస్థ వాటిని అరిజోనాకు తరలించింది; గవర్నర్ స్వాగతించారు. 2018 మార్చిలో టెంపే నగరంలో ఉబర్ పరీక్ష వాహనం రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొని ఆమె ప్రాణం తీసింది. ఉబర్ పరీక్షలను నిలిపివేస్తూ గవర్నర్ ఆదేశించినది ఆ తర్వాతే.

కాలిఫోర్నియాలోనూ ప్రమాదాలు ఆగలేదు. 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో, మరో వాహనం ఢీకొనగా తన ముందు పడిన మహిళను క్రూజ్ అనే సంస్థ డ్రైవర్ లేని కారు కొంతదూరం ఈడ్చుకుపోయింది. కానీ పర్మిట్ ఇచ్చిన శాఖే మూడు వారాలు దాటీ దాటకముందే ఆ పర్మిట్‌ను సస్పెండ్ చేయగలిగింది. నా దృష్టిలో ఇదే నిర్ణయాత్మకమైన తేడా.

అందుకే కర్ణాటకకు కాలిఫోర్నియా విధానమే మేలు. అయితే దానిలోని రెండు లోపాలను సరిదిద్దుకుని తీసుకోవాలి. డ్రైవర్ లేని ట్యాక్సీలపై శాన్‌ఫ్రాన్సిస్కో అగ్నిమాపక శాఖ ఎంత అభ్యంతరపెట్టినా నిర్ణయం రాష్ట్రస్థాయి సంస్థలదే అయింది. ఇక్కడ ట్రాఫిక్ పోలీసులకు, అగ్నిమాపక శాఖకు మొదటినుంచే మాట చెల్లాలి. డ్రైవరే లేనప్పుడు చలానా ఎవరి పేరున రాయాలన్నది కాలిఫోర్నియా 2024లో గాని చట్టంలో చేర్చలేదు. మనం మొదటి పర్మిట్‌లోనే ఆ బాధ్యతను సంస్థపై పెట్టాలి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 2బి సెక్షన్ ప్రకారం, పరిశోధన కోసం వాహనాలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానిది. ఆ మినహాయింపు వచ్చాక కూడా సిల్క్ బోర్డు కూడలిలో బైకుల మధ్య ఆ కారును అదుపు చేయవలసింది రాష్ట్ర పోలీసులే కనుక, షరతులను ఇప్పుడే రాసి ఉంచుకోవాలి.