క్రికెట్ ఎన్ఎఫ్‌టీ కార్డుల యాప్ వాడినాక నా రివ్యూ (అనంతపురం నుంచి)

ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 2. ఆ రెండు కూడా ప్యాక్ (లోపల ఏ కార్డులున్నాయో తెలీకుండా కొనే కవర్) ఓపెన్ చేసేటప్పుడు వచ్చే మజాకే. యాప్ పేరు రాయను. నేను చెప్పేది ఆ ఒక్కదాని గురించే కాదు, ఈ టైపువి చానా వరకు ఇట్లనే ఉంటాయి, పేరు రాస్తే "అది వేస్ట్ అన్నా, ఇంకోటి ఉంది అది వేసుకో" అని రెఫరల్ లింకులు పంపేవాళ్ళు రెడీగా ఉంటారు.

తెలీని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఒక ప్లేయర్ ఫోటోనో, సిక్స్ కొట్టిన చిన్న వీడియోనో కార్డుగా చేస్తారు, దానికి ఒక సీరియల్ నంబర్ ఇస్తారు, ఆ నంబర్ కార్డు ఎవరి దగ్గర ఉందో బ్లాక్‌చెయిన్‌లో, అంటే చానా కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఉమ్మడి రిజిస్టర్‌లో రాసి పెడతారు. ఆ ఎంట్రీనే టోకెన్, ఎన్ఎఫ్‌టీ అంటారు. వీడియో యూట్యూబ్‌లో ఎవడైనా చూడొచ్చు, స్క్రీన్‌షాట్ ఎవడైనా కొట్టొచ్చు, కానీ "1000లో 47వది" అనేది మాత్రం నీ పేరు మీద ఉంటుంది. ఈ పిచ్చి పెద్దగా మొదలైంది అమెరికాలో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ క్లిప్పులు అమ్మే టాప్ షాట్‌తో. 2020 అక్టోబర్‌లో అందరికీ ఓపెన్ చేసినారు, 2021 ఫిబ్రవరికల్లా లెబ్రాన్ జేమ్స్ డంక్ క్లిప్ ఒకటి 2 లక్షల డాలర్లకు పైనే పోయింది. ఫుట్‌బాల్‌లో ఫ్రాన్స్ వాళ్ళ సొరారె ఉంది, అందులో సీజన్‌కి ఒక ప్లేయర్‌వి లిమిటెడ్ కార్డులు 1000, రేర్ 100, సూపర్ రేర్ 10, యునీక్ అయితే ఒక్కటే ఒక్కటి. వీళ్ళు 2021లో సాఫ్ట్‌బ్యాంక్ వగైరా పెట్టుబడిదారుల దగ్గర 68 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు. ఆ డబ్బు చూసి మన క్రికెట్‌లోకీ దిగినారు జనం. 2022లో క్రికెట్ కార్డుల కంపెనీలైన ఫ్యాన్‌క్రేజ్‌కి 10 కోట్ల డాలర్లు, రారియోకి డ్రీమ్11 వాళ్ళ ఫండ్ ముందుండి 12 కోట్ల డాలర్లు వచ్చినాయి, ఐసీసీ లాంటివి కూడా లైసెన్స్ ఇచ్చినాయి. అప్పట్లో యాడ్స్ చూసిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

సరే, నా సంగతి. నేను అనంతపురంలో ఒక ఆడిటర్ ఆఫీసులో పని చేస్తా, రిటర్న్స్ వేయడమే పని. మా పిన్ని కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, వాడు ఈ కార్డులు కొని నా దగ్గరికి ట్యాక్స్ కోసం వచ్చినాడు. వాడి లెక్కలు చూస్తాంటే ఇదేందో నేనూ చూద్దాం అనిపించి యాప్ వేసుకున్నా.

కేవైసీకి పాన్, సెల్ఫీ అడిగింది, గంటలోపే అయిపోయింది, అక్కడ వంక పెట్టేదేం లేదు. డబ్బులు యూపీఐతోనే కట్టొచ్చు, వాలెట్ (కార్డు దాచుకునే డిజిటల్ పర్సు), ప్రైవేట్ కీ (దాని రహస్య తాళంచెవి), గ్యాస్ ఫీజు (బ్లాక్‌చెయిన్‌లో రాయించే ఖర్చు) అంటూ ఏమీ అడగదు, అవన్నీ వాళ్ళే వెనక చూసుకుంటారు. ఇది సుఖం అనిపిస్తుంది కానీ దీని అర్థం తాళంచెవి కూడా వాళ్ళ దగ్గరే ఉందని. కార్డును బయట మన సొంత వాలెట్‌కి పంపే ఆప్షన్ సెట్టింగ్స్‌లో లోపల ఎక్కడో ఉంది, నొక్కితే "త్వరలో" అని వస్తుంది.

ప్యాక్ ఓపెనింగ్ మాత్రం నిజంగా బాగుంది. నల్ల స్క్రీన్ మీద కవర్ ఊగుతుంది, వేలితో పక్కకి లాగితే చిరిగినట్టు సౌండ్, ఫోన్ వైబ్రేట్ అవుతుంది, ముందు దేశం జెండా రంగు, తర్వాత బ్యాట్స్‌మనా బౌలరా అనే బొమ్మ, ఆ తర్వాతే మొహం. ఆ మూడు సెకన్లలో మనిషి గుండె పట్టుకుంటారు. 499 ప్యాక్‌లో నాకు వచ్చినవి నాలుగు మామూలు కార్డులు, ఒకటి కొంచెం మంచిది, ఒక ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ యార్కర్. క్లిప్ క్వాలిటీ సూపర్, స్టంప్ గాల్లో తిరగడం స్లో మోషన్‌లో కనిపిస్తుంది. మన వాళ్ళ కార్డులు చూస్తేనే ఉసూరుమంటుంది. ఇండియా జెర్సీ ఉండదు, ఐపీఎల్ జెర్సీ ఉండదు, సాదా నీలం చొక్కా వేసి స్టూడియోలో తీసిన ఫోటో, వెనకాల మెరుపులు. ఎవరి దగ్గర ఏ హక్కులున్నాయో దాన్ని బట్టే కార్డు వస్తుంది మరి, టీమ్ లోగో ఒకరిది, మ్యాచ్ వీడియో ఇంకొకరిది, మొహం ప్లేయర్‌ది.

దీని వల్ల ఏమైతుందంటే మనం నిజంగా దాచుకోవాలనుకున్న ఆట ఏదీ కార్డుగా దొరకదు. 2024 సెప్టెంబర్‌లో మన ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగింది కదా, అన్షుల్ కంబోజ్ ఒకే ఇన్నింగ్స్‌లో 8 వికెట్లు తీసినాడు, 69 పరుగులిచ్చి. మన ఊరి గ్రౌండ్‌లో, మన కళ్ళ ముందు. ఆ స్పెల్‌ది కార్డు ఉంటే నేను బేరం కూడా ఆడకుండా కొనేవాడిని. యాప్‌లో వెతికితే "ఫలితాలు లేవు". అదే వెతుకులాటలో ఎవడో నాకు పేరు కూడా తెలీని బిగ్ బాష్ ప్లేయర్ మిస్‌ఫీల్డ్ క్లిప్ మాత్రం 79 రూపాయలకి దొరికింది. మిస్‌ఫీల్డ్‌కి కార్డేంది సామీ.

ఇంక అమ్మడం. కొనడం ఒక బటన్ అయితే అమ్మడం ఒక తపస్సు. లిస్ట్ చేసేటప్పుడు "ఫ్లోర్ ప్రైస్" అని ఒకటి చూపిస్తారు, అంటే ఆ కార్డుకి అడుగుతున్న వాటిలో అన్నిటికన్నా తక్కువ రేటు. అందరూ దాన్నే "నా కార్డు విలువ" అనుకుంటాండారు. అది అమ్మేవాడు అడిగే రేటు, కొనేవాడు ఇచ్చే రేటు కాదు. కొనేవాళ్ళ ఆఫర్లు చూడాలంటే ఇంకో ట్యాబ్ లోపలికి పోవాలి, అక్కడికి పోతే నా యార్కర్ కార్డుకి ఫ్లోర్ 340, వచ్చిన ఒకే ఒక్క ఆఫర్ 60. మా తమ్ముడి పోర్ట్‌ఫోలియో స్క్రీన్ మీద 41 వేలు అని పచ్చ రంగులో మెరుస్తాంటుంది, వాడు దాన్ని వాళ్ళమ్మకి కూడా చూపించినాడు, మా పిన్ని "అయితే దాన్ని అమ్మి స్కూటీ ఇప్పియ్ రా" అన్నింది. స్కూటీ ఇప్పటికీ రాలేదు. సీరియల్ నంబర్ 1 అయినా, ప్లేయర్ జెర్సీ నంబర్‌తో కలిసినా ఎవరో ఒకరు ఎగబడి కొంటారు, మిగతా నంబర్లని పట్టించుకునే నాథుడు లేడు.

సపోర్ట్‌కి మెసేజ్ పెడితే "హాయ్ సర్, మీ ఓపికకు ధన్యవాదాలు" అని ముందే వస్తుంది, మనం ఇంకా ఓపిక పట్టకముందే. నేను పెట్టిన ఆఫర్ క్యాన్సిల్ అయినా డబ్బు యాప్ బ్యాలెన్స్‌లోకి తిరిగి రాలేదని అడిగినా, టికెట్ నంబర్ ఇచ్చినారు, డబ్బు వచ్చింది లెండి, కానీ నేను మూడోసారి గుర్తు చేసినాకనే. యాప్‌లో తెలుగు లేదు. హిందీ, ఇంగ్లీషు మాత్రమే.

ఇప్పుడు అసలు పాయింట్. వీళ్ళు యాడ్‌లో చెప్పే మాట "ఇది ఎప్పటికీ నీదే". మా తమ్ముడు కూడా నాతో అదే వాదన, "చైన్‌లో నా పేరు మీదే ఉందన్నా, ఎవడూ పీకలేడు" అని. వాడు చెప్పేది అబద్ధం కాదు. కానీ మన సీమలో పాస్‌బుక్ చేతిలో ఉండి చేను ఎక్కడుందో చూపించలేని వాళ్ళని ఎంతమందిని చూళ్ళేదు మనం? చైన్‌లో ఉండేది పాస్‌బుక్ ఎంట్రీ. చేను, అంటే ఆ క్లిప్, ఆ లైసెన్స్, ఆ కార్డుతో ఆడే ఆట, కొనేవాళ్ళు వచ్చే సంత, ఇవన్నీ కంపెనీ చేతిలో ఉంటాయి. ఎఫ్1 డెల్టా టైమ్ అని ఫార్ములా వన్ గేమ్ ఒకటి ఉండె. 2019లో అందులో ఒక కారు లక్ష డాలర్ల పైన అమ్ముడుపోయింది. 2022 మార్చిలో ఎఫ్1 లైసెన్స్ రెన్యువల్ కాలేదు, గేమ్ మూసేసినారు. టోకెన్ చైన్‌లో చెక్కుచెదరకుండా ఉంది, కారు తోలడానికి రేసే లేదు. కంపెనీ వేరే గేమ్‌లో బదులు కార్లు ఇస్తామన్నింది, ఇచ్చినా ఎఫ్1 పేరు అయితే రాదు కదా. అమెరికాలో స్పోర్ట్స్ బెట్టింగ్ నడిపే డ్రాఫ్ట్‌కింగ్స్ అంత పెద్ద కంపెనీ కూడా 2024 జులైలో లీగల్ కారణాలు చెప్పి తన ఎన్ఎఫ్‌టీ గేమ్‌నీ మార్కెట్‌నీ ఉన్నపళంగా ఆపేసింది. హ్యాక్ అయ్యో దొంగతనం జరిగో కాదు, ఆఫీసులో ఒక నిర్ణయం తీసుకుంటే అయిపోయింది.

"అఫీషియల్ లైసెన్స్ ఉంది కాబట్టి విలువ ఉంటుంది" అనే మాట మీద కూడా నాకు డౌటే. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టులో ఒక కేసు నడిచింది, రారియో వాళ్ళు, వాళ్ళతో పాటు మన హైదరాబాద్ సిరాజ్, అర్ష్‌దీప్ ఇంకొందరు ప్లేయర్లు కలిసి, గేమింగ్ కంపెనీ ఎంపీఎల్ వాళ్ళ స్ట్రైకర్ అనే కార్డుల యాప్ మీద వేసినారు, లైసెన్స్ లేకుండా ప్లేయర్ల పేర్లు, బొమ్మలతో కార్డులు చేసి అమ్ముతాండారని. కోర్టు స్టే ఇవ్వలేదు. ప్లేయర్ పేరు, ఆడిన లెక్కలు అందరికీ తెలిసిన విషయాలే, వాటి మీద ఒక్కరికే హక్కు అంటే కుదరదు అన్న లైన్‌లో ఆర్డర్ వచ్చింది. అంటే లైసెన్స్‌కి డబ్బు కట్టిన వాడి కార్డు పక్కనే, కట్టని వాడు ఆర్ట్ బొమ్మ గీసి ఇంకో కార్డు పెట్టుకోవచ్చు. ఇంక అరుదు అనేదానికి అర్థమేముంది?

ట్యాక్స్ సంగతి చెప్పకపోతే నా ఉద్యోగానికే అవమానం. 2022 ఏప్రిల్ 1 నుంచి వీటి మీద వచ్చే లాభానికి ఫ్లాట్ 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. ఎన్ఎఫ్‌టీలు కూడా ఇందులోకే వస్తాయని 2022 జూన్ చివర్లో నోటిఫికేషన్ ఇచ్చినారు. కొన్న రేటు తప్ప ఇంకేదీ తగ్గించుకోనియ్యరు, యాప్ ఫీజు కూడా. అన్నిటికన్నా ఘోరం, ఒకదాంట్లో నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకోనివ్వరు. మా తమ్ముడికి చెప్పిన లెక్కే ఇక్కడ రాస్తా. 500 పెట్టి కొన్న కార్డు 900కి అమ్మినావు, లాభం 400. ఇంకో 500 కార్డు 200కి అమ్మినావు, నష్టం 300. జేబులో మిగిలింది 100. ట్యాక్స్ మాత్రం ఆ 400 మీద, 120 ప్లస్ సెస్ 4.80, మొత్తం 124 రూపాయల 80 పైసలు. వంద సంపాదించినందుకు పాతిక రూపాయలు చేతి నుంచి వేసుకోవాలి. వాడు కాలిక్యులేటర్ తీసి రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు. ఇదిగాక 2022 జులై నుంచి 1 శాతం టీడీఎస్, ఏడాదికి ఒక లిమిట్ దాటితే పడుతుంది. లాభమున్నా నష్టమున్నా అమ్మిన మొత్తం మీద పడుతుంది. ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 లేదా 3లో షెడ్యూల్ వీడీఏ (వర్చువల్ డిజిటల్ అసెట్స్, ఇట్లాంటి డిజిటల్ ఆస్తుల పట్టిక) అని ఉంటుంది, అందులో అమ్మిన ప్రతి కార్డుకీ కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న రేటు, వచ్చిన డబ్బు విడివిడిగా నింపాలి. 60 రూపాయల కార్డులకి లైన్లు లైన్లు కొట్టుకుంటూ కూర్చుంటే ఫీజు మేం అడిగేది కార్డు కన్నా ఎక్కువైతుంది.

మన ఆంధ్రా వాళ్ళకి ఇంకో తలనొప్పి. కార్డుతో టీమ్ పెట్టి కాంటెస్ట్ ఆడితే బహుమతి అనేది చానా యాప్‌ల ఎరగా ఉండె. మనకి 2020లోనే రాష్ట్ర గేమింగ్ చట్టం మార్చి డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలు బంద్ చేసినారు, అందుకే డ్రీమ్11లో కూడా మన వాళ్ళకి డబ్బు కాంటెస్టులు రాకపోతాండె. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చి దేశమంతా డబ్బు ఆటలు ఆపేసింది. కాంటెస్ట్ లేకపోతే కార్డు ఉత్త బొమ్మ, ఉత్త బొమ్మకి 340 ఎవరిస్తారు చెప్పండి.

గేమింగ్ పిల్లలు ఇక్కడ నన్ను అడుగుతారు, మరి బీజీఎంఐ (మన దేశపు పబ్‌జీ గేమ్) స్కిన్లు, అంటే గేమ్‌లో వేసుకునే డ్రెస్సులు, తుపాకీ రంగులు, కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్ కత్తులు ఏం తక్కువ అని. తక్కువేం కాదు, కాకపోతే వాటికి బ్లాక్‌చెయిన్ లేదు. కౌంటర్ స్ట్రైక్ నడిచే గేమ్స్ స్టోర్ స్టీమ్ వాళ్ళు 2021 అక్టోబర్‌లో బ్లాక్‌చెయిన్ గేమ్స్‌నే రానివ్వం అన్నారు, అయినా వాళ్ళ స్కిన్ మార్కెట్ దర్జాగా నడుస్తాంది. అక్కడా రాజు కంపెనీయే, 2025 అక్టోబర్‌లో ఐదు ఎర్ర (అరుదైన రకం) స్కిన్లు ఇస్తే కత్తి తీసుకోవచ్చని ఒక్క అప్‌డేట్ ఇచ్చేసరికి కత్తుల రేట్లు దభేల్‌మని పడినాయి. బీజీఎంఐ అయితే 2022 జులైలో స్టోర్ నుంచే పోయి 2023 మేలో తిరిగొచ్చింది. మా సందులో పిల్లలు యూసీ (ఆ గేమ్‌లో చెల్లే డబ్బు) కొని సూట్లు వేసుకుంటారు, ఆ డబ్బు పోయిందని వాళ్ళకి ముందే తెలుసు, అమ్మే బటన్ లేదు కాబట్టి రేటు చూసుకునే రోగం లేదు, హాయిగా వేసుకుని లాబీలో తిరుగుతారు. కార్డుల యాప్‌లో ఆ హాయి లేదు నాకు. క్లిప్ చూద్దామని ఓపెన్ చేస్తే పైన ఎర్ర బాణం, మైనస్ 12 శాతం అని. యార్కర్ చూడాలా బాణం చూడాలా?

కాబట్టి ఎవరికి పనికొస్తుందంటే, నెలకి ఒక బిర్యానీ డబ్బు పోయినా పర్లేదు అనుకుని, నచ్చిన ప్లేయర్ క్లిప్ తన పేరు మీద ఉందనే సరదా చాలనుకునే వాళ్ళకి. వాళ్ళు కూడా ప్యాక్ కొనకుండా మార్కెట్‌లో ఆఫర్ పెట్టి విడి కార్డు కొనుక్కోండి, ఫ్లోర్‌లో పావు వంతుకి పెట్టినా ఎవడో ఒకడు ఒప్పుకుంటాడు, నేను రెండు అట్లనే తీసుకున్నా. డబ్బు పెరుగుతుందని కొనేవాళ్ళు వద్దు. ఇప్పటికే కొని ఉన్నవాళ్ళు ప్రొఫైల్‌లో ట్రాన్సాక్షన్ హిస్టరీ అని ఉంటుంది, దాన్ని ఈ రోజే డౌన్‌లోడ్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి, రిటర్న్ టైమ్‌కి ఆఫీసుకి వచ్చేటప్పుడు బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో పాటు ఆ ఫైల్ కూడా తీసుకురండి, యాప్ మూసేసినాక అది ఎవరినడిగినా దొరకదు.