పాలెస్ట్రీనా కోసం రోమ్ వెళ్తే ఎక్కడ ఆగాలి?

పదహారో శతాబ్దపు ఇటలీ సంగీతకర్త జొవాన్నీ పియెర్లూయీజీ ద పాలెస్ట్రీనా పేరు చెప్పగానే అందరూ వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌కే టికెట్టు కొంటారు. నిజానికి ఆయన అక్కడ పాడింది తొమ్మిది నెలలు కూడా నిండలేదు. 1555 జనవరిలో పోప్ మూడో జూలియస్ పరీక్ష లేకుండానే చేర్చుకున్నాడు. సెప్టెంబరులో నాలుగో పాల్ పెళ్లయిన గాయకులు ముగ్గురికీ పింఛను ఇచ్చి పంపించేశాడు, అందులో ఈయనా ఒకడు. టికెట్టు ఖరీదు, లోపలి తోపులాట చూసుకుంటే, రోమ్‌లో ఒక్క రోజే ఉండేవాళ్లు దీన్ని వదిలేసినా నష్టం లేదు. వెళ్లినవాళ్లు మాత్రం పైకప్పు నుంచి తల దించి పక్క గోడలోని గాయకుల బాల్కనీ చూడాలి. చిన్న గూడు లాంటిది. లోపలి గోడల మీద పాతకాలపు గాయకులు తమ పేర్లు చెక్కుకున్నారు, ఆయనకు ముందుతరం సంగీతకర్త జోస్కాన్ పేరు కూడా ఉంది. కింద నుంచి అవి కనిపించవు, ఫొటోలు తీయనివ్వరు.

బసకు ఎస్క్విలీనో పేట మేలు. విత్తోరియో ఎమాన్యుయేలె స్టేషను మెట్రో A లైను మీదే ఉంది: వాటికన్‌కు ఒత్తవియానో, లాటెరన్ గుడికి సాన్ జొవాన్నీ, ఆయన పుట్టిన పాలెస్ట్రీనా ఊరి బస్సుకు అనాన్యీనా, అన్నీ అదే లైను. బియ్యం, పచ్చిమిర్చి ఆ పేట మార్కెట్లోనే దొరుకుతాయి. మనిషికి, రాత్రికి ఇంతని కట్టే నగర పన్ను గది అద్దెలో కలిసి ఉండదు.

సాంతా మరియా మజ్జోరె గుడి అక్కడి నుంచి నడక దూరమే. 1537 నాటికి ఆయన ఇక్కడ బాలగాయకుడు. 1561 నుంచి కొన్నేళ్లు ఇక్కడే గాయకబృందానికి పెద్ద. పోప్ ఫ్రాన్సిస్ సమాధి కూడా ఇందులోనే కావడంతో 2025 నుంచి క్యూ పెరిగింది, పొద్దున్నే వెళ్లడం మంచిది. భుజాలు, మోకాళ్లు కప్పుకోకపోతే లోపలికి రానివ్వరు. వాటికన్‌లోని సాన్ పియెత్రో (సెయింట్ పీటర్స్) గుడిలో ప్రవేశం ఉచితం. 1571 నుంచి 1594లో చనిపోయేదాకా అక్కడి జూలియా చాపెల్ గాయకులను నడిపింది ఆయనే. సమాధి కోసం వెతకక్కర్లేదు, కొత్త కట్టడం పనుల్లో ఆనవాలు లేకుండా పోయింది.

అసలు ఒక పూట కేటాయించాల్సింది ఆయన పుట్టిన ఊరు పాలెస్ట్రీనాకి. అనాన్యీనా దగ్గర కొత్రాల్ అనే కంపెనీ బస్సు ఎక్కాలి. టికెట్టు ముందే పొగాకు దుకాణంలో కొనుక్కోవాలి. రైల్లో వస్తే జగరోలోలో దిగి, మళ్లీ బస్సు వెతుక్కోవాలి. రెజీనా మార్గెరీతా చౌకులో ఆయన విగ్రహం, పక్కనే సాంత్ అగపీతో గుడి. 1544లో ఆర్గన్ వాయిస్తూ, పిల్లలకు పాట నేర్పుతూ ఆయన కుదురుకున్న మొదటి కొలువు అదే. ఆయన ఇల్లు చూడాలంటే తెరిచే వేళలు ముందే కనుక్కోవాలి. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు కాబట్టి ముందు గుడి, తర్వాత మెట్లెక్కి పైన మ్యూజియం, అందులో నైలు నది మొజాయిక్ (రంగురాళ్ల చిత్రం). ఎక్కుడు నిటారుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చౌకు దగ్గరే ఆగిపోవచ్చు.