మూడేళ్లు వాడాక చెప్తున్నా: బొమ్మకి ఢోకా లేదు, మాటే పడిపోతుంటుంది

టీవీ వెనక వేలాడే ఆ చిన్న స్టిక్ మా ఇంటికొచ్చి మొన్న దసరాకి మూడేళ్లు నిండాయి. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పబోయే గొడవల్లో సగం ఏ కంపెనీ స్టిక్‌కైనా వచ్చేవే, మిగతా సగం మా ఇంట్లోవాళ్ల పుణ్యం. మాది కావలి. 43 అంగుళాల టీవీ, హాల్లో ఒక రూటర్. ఫోన్‌లో ఉన్నది వైరు లేకుండా టీవీలో వేసుకోవచ్చు కదా అని మూడు వేల చిల్లర పెట్టి కొన్నాను. బొమ్మ విషయంలో ఈ మూడేళ్లలో ఒక్కరోజు విసుక్కోలేదు. విసుగంతా శబ్దంతోనే. మనుషులు కదులుతుంటారు, నోళ్లు ఆడుతుంటాయి, చప్పుడు మాత్రం ఉండదు. మా అమ్మ దీన్ని "టీవీకి మాట పడిపోయింది" అంటుంది. ఇంట్లో ఇప్పుడు అందరం అలాగే అంటున్నాం.

మొదటిసారి పడిపోయింది కొన్న వారానికే. కంగారుపడి ట్రంకు రోడ్డు నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించాను. ఆయన టీవీ వెనక టార్చి కొట్టి చూసి, "సముద్రం దగ్గర కదా సార్, తుమ్మలపెంట ఉప్పుగాలికి స్పీకర్లు పోతుంటాయి. మార్చాల్సిందే" అన్నాడు. పద్దెనిమిది వందలు అవుతుందన్నాడు. ఆయన మెట్లు దిగాడో లేదో, అమ్మ ఊరికే రిమోట్ తీసుకుని కేబుల్ పెట్టింది. వార్తలవాళ్ల అరుపులు ఇల్లంతా మోగిపోయాయి. స్పీకరే పోయుంటే కేబుల్‌కి కూడా మాట రాకూడదు కదా! ఆ మాత్రం ఆలోచన ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అప్పట్నుంచి మాట పడిపోయినప్పుడల్లా ముందు ఇంకో ఇన్‌పుట్‌కి మార్చి చూస్తాను. అక్కడ వినపడితే టీవీ బంగారం. రోగం స్టిక్‌లో ఉండాలి, లేదా ఫోన్‌లోనో ఫైల్లోనో ఉండాలి.

ఆ రోజు అసలు సంగతేమిటంటే, వాల్యూమ్ రెండు చోట్ల ఉంటుంది. టీవీ రిమోట్‌తో పెంచేది టీవీ వాల్యూమ్. కాస్టింగ్, అంటే ఫోన్ నుంచి టీవీకి పంపడం, నడుస్తున్నంతసేపూ ఫోన్ పక్కనున్న బటన్లతో మారేది ఫోన్‌ది కాదు, స్టిక్‌ది. మావాడు ఫోన్ చేతిలో పట్టుకుని ఆడుతూ దాన్ని సున్నాకి దించేశాడు. నేను టీవీని 40 దాకా పెంచి కూర్చున్నా. మిద్దె మీద ట్యాంకు వాల్వు కట్టేసి కింద కుళాయి తిప్పుకున్నట్టు. ఇంకో సంగతి, స్టిక్ ఆ సున్నాని గుర్తుపెట్టుకుంటుంది. మర్నాడు ఇంకో యాప్ వేసినా సున్నాతోనే మొదలైంది.

రెండో రకం మూగతనం మా ఆవిడ వల్ల వచ్చింది. పాపం, ఆమె తప్పేం లేదు. వంట వీడియోలు ఫోన్ స్క్రీన్ మొత్తం టీవీ మీదికి తెచ్చుకుని చూస్తుంది, అంటే మిర్రరింగ్. యాప్‌లో గుర్తు నొక్కి పంపే కాస్టింగ్ వేరు, ఇది వేరు. ఆ తేడా తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. కాస్టింగ్‌లో ఫోన్ అడ్రస్ మాత్రం చెప్తుంది, వీడియోని నెట్‌లోంచి స్టిక్కే తెచ్చుకుంటుంది. ఫోన్ లాక్ చేసి జేబులో వేసుకున్నా ఆగదు. మిర్రరింగ్‌లో అలా కాదు. బొమ్మా శబ్దమూ రెండూ ఫోనే తయారుచేసి అప్పటికప్పుడు పంపాలి. కాబట్టి ఫోన్‌కి బ్లూటూత్ ఇయర్‌బడ్స్ తగులుకుని ఉంటే శబ్దం అటు పోతుంది, టీవీకి ఉత్త బొమ్మే వస్తుంది. మా ఇంట్లో జరిగింది అదే. ఇయర్‌బడ్స్ డబ్బా మూత సరిగ్గా పడక పోపులపెట్టె పక్కన సగం తెరుచుకుని ఉంది. గోంగూర పచ్చడి ఎలా చేయాలో ఒకావిడ ఆ డబ్బాలోనే చెప్తోంది. దగ్గరికి వెళ్తే కీచుకీచుమని వినిపించింది. బ్లూటూత్ ఆపగానే టీవీకి మాట వచ్చింది. ల్యాప్‌టాప్‌తో చేసేవాళ్లకీ ఇలాంటిదే ఉంటుంది. బొమ్మ టీవీకి వెళ్లినా సౌండ్ అవుట్‌పుట్ ల్యాప్‌టాప్ స్పీకర్ మీదే ఉండిపోవచ్చు. కింద మూలన స్పీకర్ బొమ్మ నొక్కి టీవీ పేరు ఎంచుకోవాలి.

ఇవన్నీ పిల్లకాయల జబ్బులు. అసలు జబ్బు మా చెల్లి పెళ్లి వీడియోతో వచ్చింది.

పెళ్లి 2013లో. అప్పటి వీడియోగ్రాఫర్ ఇచ్చిన డీవీడీలు గీతలు పడిపోయాయి. కానీ కెమెరాలోంచి దించిన అసలు క్లిప్పులు ఒక పాత హార్డ్ డిస్కులో దొరికాయి. మేనల్లుడు వాటన్నింటినీ అతికించి రెండు గంటల పది నిమిషాల ఎంకేవీ ఫైలు ఒకటి చేసి నా ఫోన్‌లో వేశాడు. సంక్రాంతికి అందరూ వచ్చారు. హాల్లో చాపలు పరిచారు. కాస్ట్ చేశాను. బొమ్మ అద్భుతం. సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర సన్నాయి ఆయన బుగ్గలు బూరెల్లా ఉబ్బుతున్నాయి, డోలు ఆయన వేళ్ల తొడుగులు టపటపా కొడుతున్నాయి. చప్పుడు లేదు. పంతులుగారు గట్టిమేళానికి చెయ్యి ఊపుతున్నారు. చప్పుడు లేదు.

"ఏందిరా ఇది, మూగ పెళ్లి? బూరలు ఊదతా ఉండారు, యాడా ఇనపడదే!" అంది అమ్మ. చెల్లి నవ్వింది. బావగారు నా మొహం చూశారు. పెళ్లినాటి నుంచీ ఆయన చూపు అదే.

వాల్యూమ్ రెండు చోట్లా చూశాను, బ్లూటూత్ చూశాను, స్టిక్ పీకి మళ్లీ పెట్టాను. లాభం లేదు. అదే స్టిక్‌లో యూట్యూబ్ వేస్తే పాట చక్కగా వచ్చింది. అంటే రోగం ఈ ఫైలుదే. ఫైలుని ఫోన్ గ్యాలరీలో తెరిస్తే అక్కడా మూగే. వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిస్తే మాత్రం మేళం మోగింది. పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకి పెడితే అక్కడా మోగింది. పండగ మూడు రోజులూ నేను దీంట్లోనే ఉన్నాను. మా ఆవిడ కనుమనాడు ఒక మాట అంది, ఇక్కడ రాయను.

తేలిందేమిటంటే, వీడియో ఫైలంటే క్యారియర్ లాంటిది. ఎంకేవీ, ఎంపీ4 అనేవి క్యారియర్ పేర్లు. లోపల పై గిన్నెలో బొమ్మ, కింది గిన్నెలో శబ్దం వేరువేరుగా ఉంటాయి. క్యారియర్ పేరు చూసి లోపలుంది పప్పో చేపల పులుసో ఎలా చెప్పలేమో, ఫైలు పేరు చూసి శబ్దం ఏ రకమో కూడా చెప్పలేం. ఆ రోజుల్లో హ్యాండీక్యామ్‌లు ఎక్కువగా ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతిలో రికార్డు చేసేవి. సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చిన పద్ధతి అది. అందులో శబ్దం చాలావరకు డాల్బీ డిజిటల్‌లో, అంటే ఏసీ3లో ఉంటుంది. మేనల్లుడు క్లిప్పులు అతికించాడే గానీ లోపలి శబ్దాన్ని ముట్టుకోలేదు. కాబట్టి ఏసీ3 ఏసీ3గానే ఉండిపోయింది. ఇలాంటి స్టిక్‌లు ఏఏసీ, ఎంపీ3 లాంటి శబ్ద రకాలని తామే విప్పి వినిపిస్తాయి. ఏసీ3ని చాలా స్టిక్‌లు విప్పవు, ఉన్నదున్నట్టు టీవీకో సౌండ్‌బార్‌కో అందిస్తాయి. విప్పుకోవాల్సింది అవతలివాళ్లు. మా ఇంట్లో యాప్‌కీ స్టిక్‌కీ టీవీకీ మధ్య ఆ అందించడం ఎక్కడో తెగింది. వీఎల్‌సీకి సొంతంగా విప్పే విద్య ఉంది, టీవీకీ ఉంది, మధ్యలో ఉన్న స్టిక్‌కి లేదు.

నా కోపమంతా ఇక్కడే. విప్పలేకపోతే విప్పలేనని చెప్పొచ్చు కదా! "ఈ ఫైలులోని శబ్దం నా వల్ల కాదు" అని తెర మీద ఒక్క ముక్క వేస్తే మూడు రోజుల సంక్రాంతి మిగిలేది. అలా చెప్పదు. ఏమీ జరగనట్టు బొమ్మ వేసుకుంటూ పోతుంది.

మీకూ ఇలాగే అయితే వీఎల్‌సీలో ఆ ఫైలు సమాచారం తెరిచి చూడండి. ఆడియో దగ్గర ఏ52 అనో ఏసీ3 అనో ఉంటే అదే కారణం. అప్పటికప్పుడు చూడాలంటే వీఎల్‌సీలోంచే కాస్ట్ చేయొచ్చు. 2018లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి అందులో ఆ సౌకర్యం ఉంది. స్టిక్‌కి పడని శబ్దాన్ని దారిలో మార్చి పంపుతుంది. కానీ ఆ మార్చే పని ఫోనే చేయాలి. నా ఫోన్ పెనంలా కాలింది, బ్యాటరీ సగానికి పడిపోయింది, అప్పగింతల దగ్గర బొమ్మ రెండుసార్లు ఆగింది. చెల్లి అప్పటికే కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది, పాపం ఆ చేత్తో అలాగే ఆగిపోయింది.

శాశ్వతమైన మందు ల్యాప్‌టాప్‌లో ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్. బొమ్మని ముట్టుకోకుండా శబ్దాన్ని మాత్రం ఏఏసీలోకి మార్చమని చెప్పొచ్చు. బొమ్మ జోలికి పోదు కాబట్టి నాణ్యత తగ్గదు, టైమూ పట్టదు. మా పాత ల్యాప్‌టాప్‌లోనే టీ తాగేలోగా అయిపోయింది. అంతకుముందు ఇంకో ప్రోగ్రామ్‌తో చేస్తే బొమ్మని కూడా మొదట్నుంచీ మళ్లీ తయారుచేస్తానని రాత్రంతా ఫ్యాను మోగించింది. అది అనవసరం. కమాండ్లు టైపు చేయాలంటే భయపడేవాళ్లు పిల్లల్ని పిలవండి, నేను అదే చేశాను.

డీటీఎస్ అనేది ఏసీ3 లాంటిదే ఇంకో శబ్ద రకం, ఇంకో మొండిఘటం. ఏసీ3ని టీవీలన్నీ దాదాపుగా విప్పుతాయి, డీటీఎస్‌కి ఆ భరోసా లేదు. సామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి దాన్ని తీసేసింది. ఎల్‌జీ 2020లో తీసేసి 2023లో కొన్ని మోడళ్లకి మళ్లీ ఇచ్చింది. మా టీవీ ఆ రెండూ కాదు, అయినా దానికీ డీటీఎస్ రాదు. పెన్‌డ్రైవ్ పెట్టినా మూగే. దానికీ ఏఏసీలోకి మార్చుకోవడమే దారి.

రెండో ఏడు సౌండ్‌బార్ కొన్నాను. దాంతో కొత్త రకం వింత. పాటలు, ఫైట్లు, వాన చప్పుడు అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి, మనుషుల మాటలు మాత్రం బావిలోంచి వస్తున్నట్టున్నాయి. 5.1 అంటే ఆరు ఛానెళ్ల శబ్దం, అందులో మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి. దాన్ని రెండు స్పీకర్లలోకి సరిగ్గా కలపకపోతే ముందు మునిగేది మాటలే. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ 'ఆటో' అని ఉంటే 'పీసీఎం'కి, అంటే టీవీయే విప్పి పంపే పద్ధతికి, మార్చాను, మాటలు పైకొచ్చాయి. కొన్ని ఓటీటీ యాప్‌లలో ఆడియో మెనూలోనే 5.1 ఒకటి, మామూలుది ఒకటి ఉంటాయి. మామూలుది పెట్టుకుంటే మా అమ్మకి హాయిగా ఉంది. ఇంకోటి, సౌండ్‌బార్ కేబుల్‌ని టీవీలో ఏదో ఒక హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టి వినపడట్లేదనుకోవద్దు. ఏఆర్‌సీ అని రాసి ఉన్నదాంట్లోనే పెట్టాలి, టీవీ శబ్దాన్ని బయటికి పంపేది అదే. ఈ సంగతి నాకు షాపువాడు చెప్పలేదు, డబ్బా మీద చదివి తెలుసుకున్నా.

ఎండాకాలం కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా అప్పుడప్పుడు మాట పడిపోతుంది. స్టిక్, టీవీ కలిసినప్పుడు 'నేను ఫలానా శబ్దాలు పలకగలను' అని టీవీ స్టిక్‌కి చెప్పుకుంటుంది. రెండూ ఒకేసారి లేస్తే ఆ పలకరింపు తప్పిపోతుంటుంది, బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. స్టిక్ కరెంటు తీసి, టీవీ పూర్తిగా లేచాక పెడితే సరి. మొదట్లో స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే ఇచ్చేవాణ్ణి, అప్పుడు ఈ బాధ వారానికోసారి ఉండేది. దానితో వచ్చిన అడాప్టర్ గోడకి పెట్టాక నెలకోసారి కూడా లేదు. రోహిణికి రోళ్లే పగులుతాయంటారు. ఆ రోజుల్లో స్టిక్‌ని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. వెనక గాలి ఆడేలా టీవీని గోడ నుంచి రెండంగుళాలు ముందుకి జరిపాను.

మార్కులంటే, ఐదుకి మూడున్నర ఇస్తాను. బొమ్మకీ వైఫై పట్టుకీ పూర్తి మార్కులు, రిమోట్‌కి పర్వాలేదు, మూగపోయినప్పుడు కారణం చెప్పకపోవడానికి ఒకటిన్నర కోత. ఇంట్లో పాత పెళ్లి వీడియోలు, సినిమా ఫైళ్లు ఎక్కువగా ఉంటే కొనేముందు మీ ఫైలు ఒకటి ఫోన్‌లో వేసుకెళ్లి షాపులోనే కాస్ట్ చేయించి చూడండి. వాళ్లు వేసి చూపించే డెమో వీడియోలకి ఎప్పుడూ మాట పడిపోదు.

పెళ్లి వీడియో ఇప్పుడు గట్టిమేళంతో సహా వస్తోంది. అమ్మ నెలకోసారి వేయమంటుంది, మేళం దగ్గరికి రాగానే "కొంచెం తగ్గించరా" అంటుంది. ఆ హార్డ్ డిస్కులో ఇంకో పదకొండు క్లిప్పులు ఉన్నాయి. మా అక్కవాళ్ల గృహప్రవేశం అందులోనే ఉందంట, ఉగాదికి వస్తామని ఫోన్ చేసింది.