రెడ్‌క్యాప్: వైద్య పరిశోధనలో ప్రతి అంకెకూ లెక్క చూపే సాఫ్ట్‌వేర్

మధుమేహానికి మన ఇళ్లలో ఏళ్ల తరబడి వాడుతున్న మెట్‌ఫార్మిన్‌కు అమెరికాలో 1994 డిసెంబరులో గానీ అనుమతి రాలేదు. దానికి ఆధారమైన పరిశోధనలో శాన్ ఆంటోనియోలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ హెల్త్ సైన్స్ సెంటర్‌కు, అక్కడి ఆచార్యుడు రాల్ఫ్ డిఫ్రాంజోకు ముఖ్యమైన పాత్ర ఉంది. గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే, బెలూన్‌తో విచ్చుకునే స్టెంట్‌ను అభివృద్ధి చేసిన హూలియో పాల్మాజ్ కూడా ఆ సంస్థలోనే పనిచేశారు. ఇటువంటి కేంద్రాల ప్రస్తావన వచ్చినప్పుడు మందు పేరు, పరికరం పేరు, శాస్త్రవేత్త పేరు వినిపిస్తాయి. రోగి నుంచి సేకరించిన చక్కెర విలువ ఎక్కడ నమోదైంది, తరువాత దాన్ని ఎవరు దిద్దారు, ఎందుకు దిద్దారు అన్న ప్రశ్నలు మాత్రం ఎవరికీ తట్టవు. ఫలితం నమ్మదగినదా కాదా అన్నది తేలేది అక్కడే కాబట్టి, ఆ నమోదు పనికి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రాల్లో నేడు విస్తృతంగా వాడుతున్న రెడ్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌ను వివరంగా సమీక్షించాలనుకున్నాను. ప్రజారోగ్యం, బయోస్టాటిస్టిక్స్ చదవడానికి అమెరికా వెళ్తున్న తెలుగు విద్యార్థుల్లో పలువురికి రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరగానే ఎదురయ్యే సాఫ్ట్‌వేర్ ఇదే.

నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పాల్ హారిస్ బృందం 2004లో దీన్ని తయారుచేసింది. ఒప్పందంపై సంతకం చేసిన లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితంగా ఇస్తారు. ఇప్పుడు 150కి పైగా దేశాల్లోని సంస్థలు దీన్ని వాడుతున్నాయి. బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, సమాచారం మాత్రం వాండర్‌బిల్ట్‌కు వెళ్లదు, వాడే సంస్థ సొంత సర్వర్‌లోనే ఉంటుంది.

చాలామంది పరిశోధకులు ఎక్సెల్ షీటుతో పని మొదలుపెడతారు. ఒకే నిలువు వరుసలో ఒకరు మగ అని, మరొకరు పురుషుడు అని, ఇంకొకరు ఒట్టి అంకె వేసినా ఆ షీటు అభ్యంతరం చెప్పదు. రెడ్‌క్యాప్‌లో ఒక్క రోగి వివరం కూడా ఎక్కించకముందే, ప్రతి ప్రశ్నకూ పేరేమిటి, ఏ రకం జవాబు రావాలి, ఏ హద్దుల్లో ఉండాలి అన్నది డేటా డిక్షనరీ అనే పట్టికలో రాసుకోవాలి. ఈ బలవంతమే దీని ప్రధానమైన మేలు అని నా అభిప్రాయం. తేదీనే తీసుకోండి. 04/05 అని రాస్తే హైదరాబాదులో చదివివచ్చిన వ్యక్తికి అది మే నాలుగు. పక్క బల్లపై ఉన్న అమెరికన్ నర్సుకు ఏప్రిల్ అయిదు. రెడ్‌క్యాప్‌లో ఆ గడి ఏ పద్ధతిలో ఉండాలో ఫారం తయారుచేసేటప్పుడే నిర్ణయిస్తాం, ఆ పద్ధతి పేరు గడి పక్కనే కనబడుతుంది, లోపల మాత్రం అన్నీ సంవత్సరం, నెల, రోజు అనే ఒకే క్రమంలో నిలవ ఉంటాయి.

సంఖ్యల విషయంలో దీని తీరు నాకు మరింత నచ్చింది. బరువు గడిలో అక్షరాలు కొడితే ఒప్పుకోదు. 30 నుంచి 200 కిలోల హద్దు పెట్టి 210 కొడితే మాత్రం హెచ్చరించి, సరిచూసుకోమని చెప్పి, భద్రపరచనిస్తుంది. పౌండ్లలో చూసిన అంకెను కిలోల గడిలో వేసిన పొరపాటు ఆ హెచ్చరికతో దొరుకుతుంది; నిజంగానే 210 కిలోలున్న రోగి సమాచారం పోకుండానూ ఉంటుంది. జీవశాస్త్రంలో అసాధారణ విలువ తప్పుడు విలువే కానక్కరలేదు కదా.

ఇక మార్పుల చిట్టా. ప్రతి గడి పక్కన ఉండే చిన్న గుర్తును నొక్కితే ఆ విలువ ఎప్పుడు, ఎవరి లాగిన్‌తో, ఏమిటి నుంచి ఏమిటికి మారిందో వరుసగా కనిపిస్తుంది. ఉన్న రికార్డును మార్చేవారు కారణం రాసి తీరాలనే నియమం కూడా పెట్టవచ్చు. కాగితపు ఫారాల కాలంలో తప్పును ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైన అంకె వేసి, సంతకం, తేదీ పెట్టే పద్ధతి ఉండేది. కొట్టేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలనేది అందులోని నీతి. ఆ నీతిని ఈ సాఫ్ట్‌వేర్ ఎవరి క్రమశిక్షణకూ వదిలేయకుండా తానే పాటిస్తుంది. ప్రయోగ ఫలితం తనకు అనుకూలంగా రావాలని ఆశపడే మనిషికీ, ఆ ఫలితాన్ని నమ్మి మందు మింగబోయే మనిషికీ మధ్య ఈ చిట్టా కాపలాగా ఉంటుంది.

గోప్యత విషయంలోనూ మంచి ఆలోచన కనిపిస్తుంది. పేరు, ఫోను, చిరునామా వంటి గడులను గుర్తింపు వివరాలుగా ముందే సూచిస్తే, విశ్లేషణకు ఫైలు దించుకునేటప్పుడు వాటిని తీసివేయవచ్చు. తేదీలను సైతం ఒక్కో రోగికి ఒక్కో లెక్కన, 364 రోజుల లోపు, వెనక్కి జరిపి ఇస్తుంది. ఒకే రోగి తేదీలన్నీ సమానంగా జరుగుతాయి కనుక, మందు మొదలుపెట్టిన నాటికీ మలి పరీక్షకూ మధ్య వ్యవధి చెదరదు. అయితే గుర్తింపు గడులను సూచించే బాధ్యత మనదే. వ్యాఖ్యల గడిలో ఎవరైనా రోగి పేరు రాస్తే దాన్ని పసిగట్టే శక్తి దీనికి లేదు.

లోపాల్లో నేను తీవ్రంగా పరిగణించేది ఒకటి ఉంది. ఒకే ప్రశ్నకు అనేక జవాబులు ఎంచుకునే చెక్‌బాక్సు ప్రశ్న పెట్టి, రక్తపోటు, ఆస్తమా, థైరాయిడ్ అని మూడు ఎంపికలు ఇచ్చామనుకోండి. విశ్లేషణకు ఎగుమతి చేసిన, అంటే దించుకున్న, ఫైలులో ఒక్కో ఎంపికా ఒక్కో నిలువు వరుసగా విడిపోతుంది. టిక్కు పెడితే 1, పెట్టకపోతే 0. రోగిని అడిగితే ఏ జబ్బూ లేదన్నప్పుడూ సున్నాయే, అసలు అడగకుండా వదిలేసినప్పుడూ సాధారణంగా సున్నాయే. విశ్లేషకుడు ఈ సంగతి ఎరగకపోతే అడగని రోగులంతా ఆరోగ్యవంతుల లెక్కలోకి చేరిపోతారు. అందుచేత ఇటువంటి ప్రతి ప్రశ్నకూ చివర ‘ఇవేవీ లేవు’ అనే ఎంపికను చేర్చి తీరాలి. సాధ్యమైనచోట ఒక్కో జబ్బుకూ విడివిడిగా అవును, కాదు ప్రశ్నలు పెట్టడం ఇంకా మంచిది.

రెండవది ఎంపికల సంకేతాలకు సంబంధించినది. 1 అంటే ధూమపానం ఉంది, 2 అంటే లేదు అని మొదలుపెట్టి, అధ్యయనం మధ్యలో వాటిని తారుమారు చేస్తే పాత రికార్డుల అర్థమే తిరగబడుతుంది. ఎందుకంటే లోపల నిలవ ఉండేది అంకె మాత్రమే. అధ్యయనం ప్రొడక్షన్‌లో, అంటే అసలు రోగుల వివరాలు ఎక్కించే దశలో, ఉంటే ఈ మార్పు ప్రమాదకరమని తెరపై చూపిస్తుంది. చదవకుండా అంగీకరించేవారిని అది కాపాడలేదు. పలుమార్లు నింపే ఫారాలున్న అధ్యయనాల్లో ఎగుమతి ఫైలు ఖాళీ గడులతో నిండి గజిబిజిగా ఉంటుంది. తెరల రూపం కూడా పాతకాలపుది. దాన్ని నేను పెద్దగా పట్టించుకోను.

భాషల సంగతి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రశ్నలను తెలుగు లిపిలో రాయవచ్చు. కొత్త వెర్షన్లలో ఒకే ఫారాన్ని పలు భాషల్లో ఉంచి, పాల్గొనే వ్యక్తి తన భాషను ఎంచుకునే సదుపాయం ఉంది. డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు పెద్దలకు మధుమేహం, గుండెజబ్బుల అధ్యయనాల్లో ప్రశ్నావళి ఇంగ్లీషులోనే ఇస్తే, జవాబులు కొడుకో కోడలో చెప్పినవి అవుతాయి. నొప్పి ఎంత ఉంది, నిద్ర ఎలా పడుతోంది అన్న ప్రశ్నలకు అది సరిపోదు. అనువాదాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్ చేసిపెట్టదు; మనమే చేసి, ఎథిక్స్ కమిటీ అనుమతి పొందాలి.

ఒంటరిగా పనిచేసే వైద్యుడికి, సంస్థ అండ లేని విద్యార్థికి ఇది దొరకదు. ఒప్పందం సంస్థ పేరిటే జరగాలి. ఉచితమన్నది లైసెన్సు వరకే. సర్వర్, దాన్ని చూసుకునే మనిషి జీతం, బ్యాకప్ ఖర్చు సంస్థ భరించాలి. పేరులో పోలిక ఉన్న రెడ్‌క్యాప్ క్లౌడ్ వేరొక వాణిజ్య ఉత్పత్తి, పొరబడవద్దు. జన్యుక్రమాల ఫైళ్లకు, పెద్ద స్కాన్ చిత్రాలకు ఇది తగినది కాదు. గణాంక విశ్లేషణకు ఆర్, స్టాటా, ఎస్‌పీఎస్ఎస్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్లు ఎలాగూ కావాలి. వాటికి అనువైన రూపంలో ఫైలు ఇస్తుంది.

నా దృష్టిలో విశ్వవిద్యాలయ కేంద్రాల్లో జరిగే చిన్న, మధ్యతరహా అధ్యయనాలకు దీనికి సాటి రాగలది అరుదు. వాడబోయేవారు ప్రాజెక్టును ప్రొడక్షన్‌లోకి మార్చేముందు కల్పిత రోగుల వివరాలు కొన్ని పూర్తిగా నింపి, కావాలనే కొన్ని గడులు ఖాళీగా వదిలి, ఆ ఫైలును తమ గణాంక నిపుణుడి చేతికిచ్చి చదివించాలి. ఆయన అడిగే ప్రశ్నలను బట్టి ఫారాన్ని దిద్దుకున్న తరువాతే మొదటి రోగిని పిలవాలి.